మురోన్: అత్తరా, తైలమా? – బేతనియ వృత్తాంతములోని గ్రీకు పదములు, మన ప్రసంగములు

శ్రమల వారము వచ్చినదంటే మన సంఘములలో బేతనియ అత్తరుబుడ్డి మీద ఒక ప్రసంగము తప్పదు. దాని నడక అందరికీ తెలిసినదే. బుడ్డి పగలాలి, అనగా మన హృదయము నలగాలి. జటామాంసి 'అచ్చమైనది', అనగా మన విశ్వాసము కల్తీలేనిదై ఉండాలి. గ్రీకులో ఆ మాట 'పిస్తిస్', అనగా విశ్వాసము అను మాటనుండి వచ్చినది గదా అని ఒక చిన్న పాండిత్యపు తునక. చివరికి 'మిక్కిలి విలువగల' అను మాట దగ్గరకు వచ్చి, మీరు ప్రభువుకు ఏమి తెచ్చారు అను ప్రశ్న. ఆ ప్రశ్న వెంబడే కానుకల సంచి. నేనును ఇరువది యేండ్లకు పైగా ఇట్లే ప్రసంగించినవాడను గనుక ఈ వ్యాసములో చేయు విమర్శ మొట్టమొదట నా పాత నోటుపుస్తకముల మీదనే.

నన్ను గ్రీకు నిఘంటువుల వైపు మళ్లించినది ఒక విధవరాలు. 2006లో ఉపాధి హామీ పథకము మొదలైన తరువాత కొన్ని యేండ్లకు, గుడ్ ఫ్రైడేకు ముందు ఒక కూటములో నేను దేనారమనగా ఒక దినపు కూలి అని, మున్నూరు దేనారములనగా దాదాపు ఒక సంవత్సరపు సంపాదన అని వివరించాను. కూటము ముగిసిన తరువాత ఆమె వచ్చి, "అయ్యగారండీ, మా కార్డుకి ఏడాదికి వంద రోజుల పనే ఇస్తారు. అంటే ఆవిడ మూడేళ్ల పని ఒక్కసారి ఒలకబోసేసిందన్నమాట. అది బీదలకిమ్మన్నోళ్లది తప్పెలాగవుద్దండీ?" అని అడిగినది. నేను అలవాటు చొప్పున, "అన్నవాడు యూదా గదమ్మా, వాడు దొంగ" అన్నాను. "అది యోహానులోనండీ. మార్కులో 'కొందరు' అనుంది గదా" అన్నది ఆమె. మత్తయిలోనైతే శిష్యులే. ఆ దినమున నాయొద్ద జవాబు లేదు.

ముందుగా 'మురోన్' అను పదము. బేతనియ వృత్తాంతములో మన పాత అనువాదము 'అత్తరు' అని పిలిచినది దీనినే. కొత్త నిబంధనలో ఇది 14 సార్లు కనబడుతుంది: మత్తయిలో రెండు (26:7, 12), మార్కులో మూడు (14:3-5), లూకాలో నాలుగు (7:37, 38, 46, 23:56), యోహానులో నాలుగు (11:2, 12:3లో రెండుమార్లు, 12:5), ప్రకటనలో ఒకటి (18:13). ఇది ఏ ఒక్క పూవుకో వేరుకో పేరు కాదు. నూనెను మూలముగా చేసికొని, అందులో సుగంధద్రవ్యములను నానబెట్టియో కాచియో, వాసన ఎక్కించిన తయారీ సరకు పేరు. మొదటి శతాబ్దపు వైద్యుడు దియోస్కొరిదేస్ తన ఔషధ గ్రంథపు మొదటి సంపుటములో జటామాంసి మురోన్ చేయు విధమును చెప్పుచున్నాడు: పచ్చి ఒలీవకాయల నూనెగాని మునగజాతి గింజల నూనెగాని తీసికొని, సువాసనగల గడ్డి, చెంగల్వకోష్టు, బోళము, జటామాంసి మొదలైనవి చేర్చవలెను. అనగా ఇది తైలము. మన అమ్మమ్మలు తలనూనె కాచిన పద్ధతికి ఇది దగ్గర చుట్టమే గాని, 'అత్తరు' అనగానే మన కన్నులకు కట్టే వస్తువుకు కాదు.

అత్తరు అను మాట అరబ్బీ పారసీకములనుండి మనకు వచ్చినది. మనకు తెలిసిన అత్తరు బట్టీ పెట్టి దింపినది; పూల ఆవిరిని పట్టి మంచిగంధపు నూనెలోనికి దించుదురు. అది చుక్కల లెక్క. దూదికి అద్ది చెవిలో పెట్టుకొందురు, మణికట్టుకు రాసికొందురు. అటువంటి అత్తరును సేరున్నర బరువున కాళ్లమీద పోసినదని చదివినప్పుడు తెలుగు పాఠకునికి కలిగేది ఆశ్చర్యము కాదు, అపనమ్మకము. తైలమనుకొంటే దృశ్యము వెంటనే కుదురుకొంటుంది: పోయవచ్చును, కారుతుంది, తుడువవలసి వస్తుంది, ఆమె తన తలవెండ్రుకలతోనే తుడుచుటకు ఒక కారణముంటుంది.

మన అనువాదకులకు ఈ సంగతి తెలియదని నేననను. లూకా 23:56లో గలిలయ స్త్రీలు సిద్ధపరచినది ఇదే మురోన్ యొక్క బహువచనము. అక్కడ వారు 'పరిమళ తైలములు' అని చక్కగా వ్రాశారు. పరమగీతము 1:3లోను అదే మాట. ప్రసంగి 10:1లోనైతే 'బుక్కావాని తైలము' అని అచ్చమైన తెలుగు పలుకుబడి దొరికినది; ఆ మాట చదివినప్పుడెల్లా నాకు సంతోషము కలుగుతుంది. అయితే సువార్తలలో విందు దగ్గర 'అత్తరు', సమాధి దగ్గర 'తైలము' అయిపోయినందున ఒక నష్టము జరిగినది. లూకా ఏడవ అధ్యాయములో పరిసయ్యుని యింట ఏడ్చిన స్త్రీ తెచ్చినదియు, ఇరువది మూడవ అధ్యాయములో సమాధికని స్త్రీలు సిద్ధపరచినదియు ఒకటే వస్తువని తెలుగు చదువరి ఊహించలేడు.

మురోన్‌కు ప్రక్కన నిలుపవలసిన పదము 'ఎలాయియోన్', సాధారణమైన ఒలీవ నూనె. దీపమునకు, వంటకు, గాయమునకు, తలకు అదే. లూకా 7:46లో ఈ రెండు పదములును ఎదురెదురుగా నిలిచి ఉన్నవి. ఆతిథ్యమిచ్చిన సీమోను అగ్గువైన ఎలాయియోన్ తలకైనను పెట్టలేదు. ఈమె ఖరీదైన మురోన్ పాదములకు పెట్టినది. ఇక్కడ మన అనువాదకులు 'తల అంటు' అను క్రియను వాడుట గొప్ప సంగతి. అతిథికి తల అంటుట ఏమిటో తెలుగువానికి వేరే వివరించనక్కరలేదు. ఈ భేదమును ఆంగ్ల వ్యాఖ్యానములు పేజీలకొలది వివరిస్తే, మనకు ఒక్క క్రియ చాలినది.

ఇక బరువు. యోహాను 12:3లో ఒక 'లిత్రా' మురోన్. 19:39లో నీకొదేము తెచ్చిన బోళము, అగరు నూరు లిత్రాలు. ఈ కొలతమాట కొత్త నిబంధన అంతటిలో ఈ రెండు చోట్లనే ఉన్నది, రెండును యోహానులోనే, రెండును ప్రభువు శరీరమునకు సంబంధించినవే. రోమా లిత్రా దాదాపు 327 గ్రాములు, అనగా 28 తులములు. మన పాత అనువాదములో మొదటిది సేరున్నర, రెండవది నూట ఏబది సేర్లు. మద్రాసు సేరు 24 తులములు గనుక సేరున్నర 36 తులములగును. రోమా లిత్రాకంటె ఇది ఎక్కువ, ఇంగ్లీషు పౌనుకు దగ్గర. లెక్క కొంచెము తప్పినను నిష్పత్తి మాత్రము చెడలేదు. ఒకటికి నూరు అను పోలిక చదువరికి కనబడుతూనే ఉన్నది. కొలతను గ్రాములలోనికి, కిలోలలోనికి మార్చి ఒకచోట 'సుమారు అర' అని, మరొకచోట ఇంకొక గుండ్రని సంఖ్య వేసినప్పుడు ఈ ముడి ఊడిపోతుంది. క్రొత్తగా అనువదించువారు ఈ సంగతి చూచుకొనవలెను.

'నార్దోస్' అను మాట విషయములో మనము కొంచెము గర్వపడవచ్చును. ఇది మన దేశపు సరకు. సంస్కృతములో 'నలదము', హెబ్రీలో 'నేర్ద్', గ్రీకులో 'నార్దోస్'. హిమాలయపు ఎత్తులలో పెరిగే మొక్క యొక్క వేరుదుంప. దానిచుట్టు పీచు జడవలె అల్లుకొని ఉండుటచేత జటామాంసి అను పేరు. ఎరిత్ర సముద్ర యాత్రా గ్రంథము గంగా ముఖద్వారము దగ్గర నార్దోస్ దొరుకునని చెప్పుచున్నది. 1985లో ప్రకటింపబడిన ముజిరిస్ పపైరసులో, హెర్మపొల్లోన్ అను ఓడ రెండవ శతాబ్దములో తీసికొనిపోయిన సరకులో గంగానది జటామాంసి అరువది పెట్టెలు లెక్కకు వచ్చినవి. హిమాలయము నుండి గంగ దిగి, తీరము చుట్టి కేరళ రేవు చేరి, ఎర్రసముద్రము దాటి, ఒంటెలమీద నైలునదికి, అక్కడనుండి అలెక్సంద్రియకు. బేతనియకు చేరేలోపు ఎన్ని చేతులు మారెనో, ఎన్ని సుంకములు కట్టబడెనో ఆలోచించితే మున్నూరు దేనారములు అతిశయోక్తి కాదని తెలుస్తుంది.

ఒకసారి నేను మూలికల కొట్టులో జటామాంసి కొని తెచ్చి ఆరాధనలో అందరికీ అందించాను. పిల్లలు ముక్కు మూసికొన్నారు. మన ప్రసంగములు వర్ణించే పూలవాసన దానికి లేదు. మట్టి, వేరు, పాత పెట్టె కలిసినట్టుండే ఘాటైన వాసన. వెనుక బల్లమీద కూర్చున్న ఒక వృద్ధురాలు మాత్రము, "ఇది మా అత్త తలనూనెలో వేసేది" అన్నది. ఆమె ఒక్కతే మొదటి శతాబ్దపు ముక్కుతో వాసన చూచినది.

పరమగీతము 1:12లో రాజు విందుకు కూర్చుండగా వ్యాపించినది హెబ్రీలోను, డెబ్బదిమంది గ్రీకు అనువాదములోను ఈ నార్దోస్ వాసనయే. మన అనువాదము 4:14లో జటామాంసి అని వ్రాసియు, ఇక్కడ మాత్రము పరిమళ తైలమని ఊరకున్నది. యోహాను 12:3 వ్రాయుచున్నప్పుడు సువార్తికుని మనస్సులో ఈ గీతము ఉన్నదా లేదా అనునది వాదముగలదే. విందు, రాజు, నార్దోస్, వాసన అను నాలుగును రెండుచోట్ల కలియుట యాదృచ్ఛికమని నేననుకొనను. అయితే ఆ వాదము చేయుటకైనను తెలుగు చదువరికి ఆ మాట కనబడవలెను గదా.

వాసన అను మాటలో మాత్రము మన అనువాదము గ్రీకుతో సరితూగినది. యోహాను 11:39లో లాజరు విషయమై మార్త వాడిన క్రియ 'ఓజో', 12:3లో ఇల్లు నిండిన 'ఓస్మే'. రెండును ఒకే ధాతువు. మన తెలుగులో అక్కడ 'వాసనకొట్టును', ఇక్కడ 'వాసనతో నిండెను'. నాలుగు దినముల శవపు వాసన ఉండవలసిన కుటుంబములో తైలపు వాసన నిండినది.

ఇప్పుడు పెద్ద చిక్కు: 'పిస్తికోస్'. మార్కు 14:3లోను యోహాను 12:3లోను తప్ప కొత్త నిబంధనలో ఈ మాట లేదు. దీని అర్థము విషయమై కనీసము నాలుగు అభిప్రాయములున్నవి. నమ్మదగిన, అనగా కల్తీలేని అనునది ఒకటి. మన 'అచ్చ' దీనినే అనుసరించినది. త్రాగదగిన, అనగా ద్రవరూపమైన అనునది రెండవది. పిస్తా గింజల నూనెతో చేసినదనునది మూడవది. లాతీను 'స్పికాతుమ్', అనగా కంకివంటి జటామాంసి, గ్రీకు నోటిలో మారినదనునది నాలుగవది. జెరోము లాతీను బైబిలు మార్కులో అట్లే వ్రాసి, యోహానులో గ్రీకు మాటను అట్లే ఉంచినది. ఆయన కూడ ఒక నిర్ణయమునకు రాలేకపోయెనేమో.

నాకు మొదటిదే సబబుగా తోచుచున్నది. కారణము వ్యాకరణము కాదు, బజారు. మొదటి శతాబ్దపు రోమా రచయిత ప్లీని జటామాంసిలో జరిగే కల్తీని వివరముగా చెప్పుచున్నాడు: దానివలె కనబడే వేరొక మొక్కను కలుపుదురు, బరువుకోసము జిగురును సీసపు భస్మమువంటివాటిని చేర్చుదురు. ఇట్టి సరకుకు 'నమ్మకమైనది' అను విశేషణము వర్తకుల నోటనే పుట్టును. మన అంగళ్లలో 'అసలు సిసలు తేనె' అను మాటకు ఉన్నంత వేదాంతమే దానికి ఉన్నది.

అందుచేత దానినుండి 'విశ్వాసము' పిండుట సరికాదు. ఈ పని మనవారు కనిపెట్టినది కాదు. అగస్టీను యోహాను సువార్త మీద చేసిన ప్రసంగములలో పిస్తిస్ అను గ్రీకు మాటను ఇక్కడ తలంచి నీతిమంతుని విశ్వాసముతో ముడిపెట్టెను. అంత గొప్పవాడు చేసినను, పదము పుట్టుకనుబట్టి దాని అర్థమును నిర్ణయించుట పొరపాటేనని 1961లో జేమ్స్ బార్ బైబిలు భాషా అర్థశాస్త్రము మీద వ్రాసిన గ్రంథము తరువాత ఎవరును సులువుగా కాదనలేరు. 'నమ్మకమైన తూకము' అని బోర్డు పెట్టిన కొట్టులో మనము విశ్వాస ప్రమాణము చదువము గదా!

'అలబాస్త్రోస్' గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది చలువరాతితో చేసిన పాత్ర. తైలములు అందులో బాగుగా నిలుచునని ప్లీనియే వ్రాసెను. మన 'బుడ్డి'లో రాయి కనబడదు. కిరసనాయిలు బుడ్డి జ్ఞాపకము వచ్చునని మా ఊరి యౌవనస్థులు నవ్వుదురు. పగులగొట్టుట మార్కులో మాత్రమే ఉన్నది. మత్తయి, లూకా, యోహాను ఆ మాట ఎత్తలేదు. నలిగిన హృదయపు ప్రసంగము నలుగురు సువార్తికుల పేరున చేయరాదు. మార్కులో పగులగొట్టుటకు నాకు తోచిన సాదా అర్థము ఏమనగా, ఆమె తరువాతికి ఏమియు మిగుల్చుకొనలేదు.

విలువను చెప్పే విశేషణములు మూడు. మార్కు 'పొలుతెలేస్', యోహాను 'పొలుతీమోస్', మత్తయి 'బరుతీమోస్' (కొన్ని ప్రాచీన ప్రతులలో మత్తయిలోను యోహాను మాటయే ఉన్నది). లూకాలో అసలు విశేషణమే లేదు. పాపాత్మురాలైన స్త్రీ తెచ్చిన తైలపు ధర మనకు తెలియదు, ఆమె సంపాదన అంతయు అందులో పెట్టినదని చెప్పు ప్రసంగములకు ఆధారమును లేదు. మనకు మూడింటికిని 'మిక్కిలి విలువగల' అను ఒకే మాట. తెలుగులో 'వెల' వేరు, 'విలువ' వేరు. పొలుతెలేస్ ఖర్చు వైపు మొగ్గును. 1 తిమోతి 2:9లో ఖరీదైన వస్త్రములకు పౌలు వాడినది ఇదే. పొలుతీమోస్‌లో 'తీమే' ఉన్నది. అది ధరయు అగును, ఘనతయు అగును. మత్తయి 13:46లోని ముత్యము ఇట్టిదే. మార్కులో 'మిక్కిలి వెలగల', యోహానులో 'మిక్కిలి విలువగల' అంటే బాగుండును. ఇప్పుడే బార్ పేరెత్తి, మళ్లీ ధాతువుల వెంట పోవుచున్నావేమని ఎవరైనా అడుగవచ్చును. 1 పేతురు 3:4లో దేవుని దృష్టికి విలువైన సాధువైన మనస్సుకు పొలుతెలేస్ వాడబడినది గనుక నా గీత అంత గట్టిది కాదని ఒప్పుకొందును. అయినను మార్కులో వెంటనే ధరల మాట రానున్నది. ఆయన కథకు 'వెల' సరిపోవును.

ఆ ధర సరియైనదేనా? ప్లీని లెక్కలో జటామాంసి కంకి పౌను 100 దేనారములు. కొన్ని తైలములైతే పౌనుకు 400 దేనారములు దాటును. ముడిసరకు నూరు, పేరుమోసిన తైలము నాలుగువందలు, నడుమ మున్నూరు. ఆ సణిగినవారు ధర తెలిసి మాటలాడినవారే.

అంతేకాదు, వారి పక్షమున ఒక ప్రవక్త కూడ ఉన్నాడు. ఆమోసు 6:6లో దంతపు మంచములమీద పండుకొని ద్రాక్షారసము త్రాగుచు శ్రేష్ఠమైన తైలములు పూసికొనువారికి శ్రమ ప్రకటింపబడినది. గ్రీకు అనువాదములో ఆ తైలములు 'మురా', అనగా మన మురోన్ యొక్క బహువచనమే. ప్రకటన 18:13లో బబులోను పడినప్పుడు కొనువారు లేక ఏడ్చే వర్తకుల సరకులలో మురోన్ ఉన్నది, ఆ జాబితా చివర మనుష్యుల ప్రాణములున్నవి. లేఖనములలో మురోన్ అనగానే భక్తి గుర్తుకు వచ్చునని చెప్పుట నిజము కాదు. ధనికుల భోగము గుర్తుకు వచ్చును. బీదలనుగూర్చి ఆలోచించిన శిష్యులు ఆమోసు చదివినవారివలెనే మాటలాడిరి. నా సంఘములోని విధవరాలును అంతే. వారిని యూదాతో కలిపి కొట్టివేయుట మన ప్రసంగములలోని పెద్ద అన్యాయము.

మరి యేసు ఆమెను ఎందుకు సమర్థించెను? ఇక్కడ క్రియలు చూడవలెను. అభిషేకమునకు గ్రీకులో 'ఖ్రియో' అను క్రియ ఉన్నది. క్రీస్తు అను మాట దానినుండియే. పూయుటకు, అంటుటకు 'అలైఫో'. మొదటిది పవిత్రము, రెండవది లౌకికము అని ట్రెంచ్ తన పర్యాయపదముల గ్రంథములో గీత గీసెను. ఆ గీత కొత్త నిబంధనలో చాలమట్టుకు నిలుచును గాని, గ్రీకు పాత నిబంధనలో నిర్గమ 40:15, సంఖ్యా 3:3లలో యాజకులకు అలైఫోయే, ఇంతకుముందు చెప్పిన ఆమోసు భోగులకు ఖ్రియోయే. కాబట్టి దానిమీద మేడ కట్టరాదు. అయినను ఒక సంగతి గమనింపదగినది: ఈ వృత్తాంతము చెప్పిన నలుగురిలో ఒక్కడును ఖ్రియో వాడలేదు. లూకా, యోహాను అలైఫో వాడిరి. మత్తయి పోయుట అన్నాడు. మార్కు 14:8లో ప్రభువు నోట వచ్చిన క్రియ 'మురిజో', అనగా మురోన్ పూయుట. కొత్త నిబంధనలో ఇంకెక్కడను లేదు. దానిని మన అనువాదము 'అభిషేకించెను' అని వ్రాసినది.

ఈ ఒక్క మాట మన ప్రసంగములను ఎంత దూరము తీసికొనిపోయినదో చెప్పలేము. అభిషేకము, అభిషేక తైలము, అభిషేక కూటములు, చిన్న సీసాలలో ప్రార్థించిన నూనె. మార్కు చెప్పినది భూస్థాపన; మనము విన్నది పట్టాభిషేకము.

ఇందుకు ప్రతివాదము లేకపోలేదు. 1983లో ఎలిజబెత్ షూస్లర్ ఫియోరెంజా, తలమీద తైలము పోయుట ఇశ్రాయేలు ప్రవక్తలు రాజులకు చేసినదని, ఈ పేరులేని స్త్రీ ప్రవక్త్రిగా మెస్సీయను గుర్తించినదని వ్రాసిరి. 2 రాజులు 9లో యెహూ తలమీద పోసిన తైలము ఆ వాదమునకు బలము. గ్రీకు కీర్తనలలో అహరోను గడ్డముమీదికి కారినది మురోన్ అనియే ఉన్నది. నిర్గమ 30:25లో ప్రతిష్ఠతైలమునకు కూడ ఆ మాట తగిలినది. సురియాని సంఘములవారు నేటికిని తమ పరిశుద్ధ తైలమును మూరోన్ అనియే పిలుచుచున్నారు. కాబట్టి మార్కు తొలి శ్రోతలు తలమీద మురోన్ అనగానే రాజును యాజకుని తలంచిరేమో, కాదని నేననను. ఆమె చేసినది ఆ అర్థముతోనే చేసినను చేసియుండవచ్చును. అయితే ఆ క్రియకు ప్రభువు ఇచ్చిన పేరు వేరు. ఆయన దానిని సమాధికి ముందుగా జరిగిన సిద్ధబాటు అన్నాడు. మన అనువాదము ఆయన ఇచ్చిన పేరును ప్రక్కనపెట్టి, ఆయన ఇవ్వని పేరును ఆయన నోటనే పెట్టినది. నా అభ్యంతరము అది.

భూస్థాపన అనుకొంటే విధవరాలి ప్రశ్నకు దారి దొరుకును. జర్మను పండితుడు యోవాకిమ్ యెరెమియాస్ ఈ భాగమునకు యూదుల బోధలో ఒక భేదమును చూపెను. బీదలకు డబ్బు ఇచ్చుట ధర్మము. చచ్చినవారిని పాతిపెట్టుట, దుఃఖించువారిని ఓదార్చుట ప్రేమకార్యము. ధర్మము బ్రదికియున్న బీదలకు మాత్రమే. ప్రేమకార్యము ధనికునికిని బీదకును, బ్రదికినవానికిని చచ్చినవానికిని చేయవచ్చును గనుక అది గొప్పది. ఆ లెక్కన శిష్యులు చెప్పినది మంచిదే, ఆమె చేసినది ఆ గడియకు తగినది. బీదలు ఎల్లప్పుడు ఉందురు అను మాటకు మూలమైన ద్వితీయోపదేశకాండము 15:11 చేయి చాపుమని ఆజ్ఞాపించును. మార్కు ఒక్కడే, మీకిష్టమైనప్పుడెల్లా వారికి మేలు చేయవచ్చునను భావమును నిలిపియుంచెను. ఈ వాక్యమును కానుకల సంచికి అడ్డుపెట్టువారు ఆ సగమును చదువరు.

సుమారు ఏడాది తరువాత ఆ విధవరాలికి ఇదంతయు చెప్పాను. గ్రీకు క్రియలవరకు ఆమె ఓపికగా వినినది. భూస్థాపన దగ్గరకు రాగానే, "అయితే ఇది పెట్టెలో పోసే సెంటన్నమాట" అన్నది. మన పల్లెలలో సమాధి చేయుటకు ముందు పెట్టెలో శవముమీద సెంటు పోయుదురు, పౌడరు జల్లుదురు. ఆమె భర్త చనిపోయినప్పుడు అప్పుచేసి పెట్టె కొన్నారు. "ఆ రోజు ఎవరూ దండగనలేదండీ. ఈయనకి బతికుండగానే పోసిందన్నమాట" అని కాసేపు ఊరకుండి, "మరి ఆ కొందరికి ఆయన చచ్చిపోతాడని తెలీదు గదండీ" అన్నది. మార్కు 8, 9, 10 అధ్యాయములలో మూడుమార్లు చెప్పినను శిష్యులు గ్రహింపలేదను సంగతి మీద నేను చదివిన వ్యాఖ్యానములు ఇంతకంటె ఎక్కువ చెప్పలేదు.

ఇక సంస్కరణ కూటములలో కూర్చునే పెద్దలకు నా మనవి రెండు చోట్ల. మార్కు 14:8లో 'అభిషేకించెను' అనుచోట 'తైలము పూసెను' అని ఉంచి, పాత మాటను అడుగున సూచికగా పెట్టవచ్చును. లూకా 7లోను 23లోను మురోన్‌కు ఒకే మాట ఉండవలెను. అది అత్తరైనను సరే, తైలమైనను సరే. మార్కు 16:1లోని స్త్రీలు కొన్నవి 'అరోమతా', అనగా సుగంధద్రవ్యములు. వాటిని యేసుకు పూయవలెనని అలైఫో క్రియతోనే వచ్చిరి. వారు వచ్చుసరికి పూయుటకు శరీరము లేదు. కొని తెచ్చిన ఆ ద్రవ్యములు ఏమైనవో మార్కు వ్రాయలేదు.